మైపాడు వలలో నాకొచ్చిన వాటా

నేను మైపాడు వెళ్ళింది సముద్రం మీద మోజుతో కాదు, మా అన్నతో వేసుకున్న పందెం కోసం. నాకు కీళ్ళవాతం పట్టుకుని ఏడేళ్ళయింది. ముందు వేళ్ళ కణుపులు వాచాయి, తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్ళు. నా మోకాళ్ళు రెండూ తోడికోడళ్ళ లాంటివి. కుడిది పొద్దున ఎనిమిదింటికల్లా పనిలోకి దిగుతుంది, ఎడమది పది దాటితే గానీ మాట వినదు. రెండూ ఒకేసారి సుముఖంగా ఉన్న రోజు నేనెరగను. అయినా నెల్లూరులో ఒక చిన్న బళ్ళో అయిదో తరగతికి పాఠాలు చెప్పుకుంటూ, రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటూ రోజులు బాగానే నెట్టుకొస్తున్నాను. సుద్దముక్క వేళ్ళకు చిక్కకపోతే దానికి గుడ్డపీలిక చుట్టి వంకాయంత లావు చేసుకున్నాను. గిన్నెల మూతలకూ, తలుపు గడియకూ, ట్రంకుపెట్టెకూ నవారు ముక్కలతో ఉచ్చులు కట్టాను. వేళ్ళతో పట్టుకోలేనిదాన్ని మణికట్టు దూర్చి లాగుతాను. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ ఉచ్చులన్నీ చూసి, ఇక్కడ మేకల్ని కట్టేస్తారా అని అడుగుతుంటారు.

మా అన్న దేవదానానికి మాత్రం ఆ ఉచ్చులు చూస్తే ఏడుపొస్తుంది. ఆయన సంగం అనే ఊళ్ళో వరి పండిస్తాడు. మా ఆయన పోయినప్పటినుంచీ నెలకోసారి బియ్యం మూటతో వచ్చి నన్ను చూసిపోతాడు. చలి వెనకపట్టిన ఒక శుక్రవారం సాయంత్రం అలాగే వచ్చి, నేను మణికట్టుతో తలుపు లాగటం చూసి, భుజం మీది మూట దించకుండానే మొదలుపెట్టాడు.

“ఇంక చాలమ్మణ్ణీ. సోమవారం రాజీనామా ఇచ్చేసి నాతో వచ్చెయ్. మీ వొదిన అన్నీ మంచం కాడికే తెచ్చిస్తది.”

“మంచం మీద కూర్చోని నేనేం చెయ్యాల?”

“ఏమీ చెయ్యబళ్ళేదు. అదే గదా సుఖం!”

మా వదిన చాలా మంచిది, నా భయమంతా ఆ మంచితనంతోనే. ఆవిడ ప్రేమగా అన్నీ అందిస్తుంటే నెల తిరిగేసరికి నేను చెయ్యెత్తటం కూడా మర్చిపోతాను. పైగా నలభై మంది పిల్లల అల్లరి వినపడకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు. ఆ మాట చెబితే అన్న వినలేదు. “నువ్వు ఒక్కదానివి ఈది చివరి దాకన్నా పోగలవా?” అన్నాడు. నాకు రోషం వచ్చింది.

“మైపాడు పోతా రేపు. ఒక్కదాన్నే పోయి, ఇసక కాపడం పెట్టించుకోని, దీపాలు పెట్టేయాళకి తిరిగి ఇంట్లో ఉంటా. వస్తే ఈ రాజీనామా మాట నువ్వు మళ్ళీ ఎత్తగూడదు. రాలేకపోతే సోమవారం నువ్వు చెప్పినట్టే ఇంటా.”

“సరే. నేను ఈ అరుగు మీదనే కూర్చోనుంటా,” అన్నాడు అన్న, గెలిచినవాడిలా మూట దించుతూ.

ఇసక కాపడం గురించి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మైపాడు ఒడ్డున కీళ్ళ నొప్పులవాళ్ళను ఎండకు కాగిన ఇసకలో నడుం దాకా పూడ్చి కొంతసేపు ఉంచుతారు. జబ్బు పోతుందా అంటే పోదు. వేడికి కీళ్ళు ఆ కాసేపు సడలుతాయి, అంతే. ఎండాకాలం వెళితే ఒళ్ళు కాలుతుంది, వానల్లో వెళితే ఇసకే చల్లగా ఉంటుంది. శివరాత్రికి అటూ ఇటూగా అయితే సరిగ్గా ఉంటుంది.

శనివారం తెల్లవారకముందే లేచి, కాగులో నీళ్ళు కాచుకుని, చేతులూ కాళ్ళూ వాటిలో నానబెట్టి బుజ్జగించాను. పెరుగన్నం గిన్నె మూత ఉచ్చు సరిచూసుకుని సంచిలో పెట్టుకున్నాను. బస్టాండు దాకా జట్కా. జట్కా ఎక్కేటప్పుడు ముందు కాలు పెట్టబోతే మనలాంటివాళ్ళం పడతాం. వెనక్కి తిరిగి అంచు మీద కూర్చుని, అలాగే లోపలికి జరగాలి. జట్కా తోలే మస్తాన్ ఆరణాలు తీసుకున్నాడు. ఆముదం గోరువెచ్చగా కాచి రాసుకోమని, దానికి మాత్రం డబ్బులొద్దని చెప్పాడు.

మైపాడు బస్సు ఏడున్నరకు. తలుపు పక్కనున్న మొదటి సీటు అడగండి, ఎడమ కాలు చాపుకోవచ్చు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త కావటంతో కండక్టరు ప్రతి టిక్కెట్టుకూ ఒక లెక్కల పాఠం చెబుతున్నాడు. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, గొంతు మాత్రం గుడిగంటంత.

“పది అణాలంటే కొత్త లెక్కలో అరవై రెండున్నర. అర లేదు గాబట్టి అరవై రెండియ్యండి చాలు. ఏమక్కా, మోకాళ్ళా? నల్లేరు పచ్చడి తినండి.”

ఆయన అన్న ఆ ఒక్క మాటతో బస్సంతా వైద్యశాల అయిపోయింది. వెనక సీట్లో గంప పెట్టుకున్నామె వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసుకోమంది. ఇంకొకామె వంకాయ మానమంది, ఆమె పక్కనున్నాయన వంకాయ కాదు గోంగూర మానాలన్నాడు, దాని మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఒక పెద్దాయన తన బావమరిదికి మోకాలు కోయించిన వైనమంతా కత్తి సైజుతో సహా వర్ణించి, ఆ బావమరిది చివరికి ఏమయ్యాడో చెప్పకుండానే ఇందుకూరుపేటలో దిగిపోయాడు. నాకు ఇప్పటికీ అదే బెంగ. నేను అందరికీ “అట్టే చేస్తానండీ” అన్నాను. ఏడేళ్ళలో నేర్చుకున్నదేమిటంటే, మందు చెప్పేవాళ్ళు మనల్ని బాగుచెయ్యాలని చెప్పరు, పలకరించటానికి ఇంకో దారి తెలియక చెబుతారు. కాదంటే చిన్నబుచ్చుకుంటారు.

దిగేటప్పుడు కండక్టరు హెచ్చరించాడు. “సాయంత్రం మా బస్సే నాలుక్కి. అది తప్పితే ఇంక రేప్పొద్దున్నే. ఆలీసం చెయ్యబాకండక్కా.”

మైపాడులో బస్సు రోడ్డు చివర ఆగుతుంది. అక్కడ ఒక పాక హోటలుంది. ఇడ్లీలు గట్టివి, టీ మంచిది. నేను టీ తాగటానికి కాదు, ఆ వేడి గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకోవటానికి కొంటాను. ఒక గ్లాసు అలా పట్టుకుని ఎంతసేపటికీ తాగకపోతే హోటలాయన దగ్గరికొచ్చి, “టీలో ఏమన్నా పడిందామ్మా?” అని గ్లాసులోకి తొంగిచూశాడు. సంగతి చెబితే నవ్వి, ఇంకో గ్లాసు వేడినీళ్ళు ఊరికే తెచ్చిపెట్టాడు. కాపడం పెట్టే మనిషెవరని అడిగితే పోలమ్మను చూపించాడు.

పోలమ్మ చేపలు పట్టే ఇంటి మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి, నడిస్తే ఇసక ఎగురుతుంది. నా ఊరూ ఉద్యోగమూ అడిగి తెలుసుకుని, ఎండ ఎక్కేదాకా ఆగమని నన్ను సరుగుడు చెట్ల కింద కూర్చోబెట్టింది. నేను పెరుగన్నం తిని ఒక కునుకు తీశాక మధ్యాహ్నం వచ్చి ఒడ్డుకు నడిపించుకుపోయింది. పొడి ఇసకలో కాలు దిగబడుతుంది కాబట్టి తడి ఇసక మీదుగా వెళ్ళాం. పావలా డబ్బులు, నాలుగు తమలపాకులు ఆమె రుసుము. చెక్కముక్కతో గొయ్యి తీసి, నన్ను అందులో కాళ్ళు చాపి కూర్చోబెట్టి, వేడి ఇసక పోయటం మొదలుపెట్టింది.

“గట్టిగా పూడ్చేదా టీచరమ్మా, వొదులుగానా?”

“నేను లేవగలిగేట్టు పూడ్చు.”

“లేవగలిగితే ఇంక కాపడం యాడిది?” అని నడుం దాకా పూడ్చి, తాటాకు నీడ గుచ్చి, పైన రెండు చేతులతో దిమ్మిస కొట్టినట్టు కొట్టింది.

ఆ సుఖం చెప్పలేను. తోడికోడళ్ళిద్దరూ ఏడేళ్ళ తర్వాత మొదటిసారి కలిసి నోరుమూసుకున్నారు. ఎదురుగా సముద్రం, నెత్తిన తాటాకు, ఒంట్లో నొప్పి ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టు ఉంది. పందెం గెలిచేసినట్టేనని మురిసిపోయాను. ఇంతలో పోలమ్మ లేచి నిలబడి సముద్రం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

“వల తిరిగింది! కూర్చోనుండు టీచరమ్మా, ఇప్పుడే వస్తా,” అంటూ చీర ఎగదోపుకుని పరుగు తీసింది.

అది అలివి వల. పడవ వలను సముద్రంలో చుట్టూ తిప్పి వేసి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు చేరుస్తుంది. ఒక్కో తాడునూ ఒక గుంపు వెనక్కి నడుస్తూ లాగుతుంది. లాగేకొద్దీ రెండు గుంపులూ దగ్గరవుతాయి, మధ్యలో వల ఒడ్డుకొస్తుంది. ఆ ఊళ్ళో పద్ధతేమిటంటే, తాడు ముట్టి లాగిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా ఉంటుంది. వాడు ఏ ఊరివాడైనా సరే. మధ్యలో తాడు వదిలేస్తే మాత్రం లేదు. అందుకే వల తిరిగిందనగానే ఒడ్డు మీద ఆడా మగా అంతా తాళ్ళ దగ్గరికి చేరిపోయారు. నన్ను తవ్వి తియ్యాల్సిన మనిషి కూడా వాళ్ళలో ఉంది.

మొదట నవ్వొచ్చింది. ఎండ వాలేకొద్దీ నవ్వు తగ్గింది. “పోలమ్మా!” అని అరిచాను. ఆమె తాడు లాగుతూనే “ఇప్పుడే!” అని జవాబిచ్చింది. మరి కాసేపాగి అరిచినా అదే జవాబు. నేనే లేద్దామని చేతులు ఊనితే మణికట్లు చుర్రుమన్నాయి, ఇసక జరగలేదు. నాలుగింటి బస్సు గుర్తొచ్చింది. మా అన్న అరుగు మీద కూర్చుని ఉంటాడు. సోమవారం పొద్దున నా నల్లబల్ల ముందు వేరెవరో సుద్దముక్క పట్టుకుంటారు. అది తల్చుకుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోతే చేతినిండా ఇసక. కళ్ళు మండి ఇంకా ఎక్కువ కారాయి.

అదే సమయానికి నీళ్ళ వాటం మారి వల దక్షిణానికి కొట్టుకురావటంతో, ఒక గుంపు తాడుతో సహా తిన్నగా నా మీదికే వెనక్కి నడుస్తూ వచ్చింది. ముందు వాళ్ళ వీపులు కనిపించాయి, ఆ తర్వాత ఒక పెద్ద గొంతు వినిపించింది. ఆ పడవకూ వలకూ పెద్ద అయిన తండేలు చెంచయ్య గొంతు అది.

“ఎవురమ్మా అది? తాడు దోవలో పాతుకోనుండావే!”

“నేను పాతుకోలేదయ్యా, పోలమ్మ పాతింది.”

“లెయ్యి, లెయ్యి.”

“పోలమ్మొచ్చి తవ్వితేనే లేస్తా.”

“వల ఒడ్డునపడిందాకా పోలమ్మ తాడు వొదల్దు.” ఆయన తాడునూ, నన్నూ, సముద్రాన్నీ మార్చి మార్చి చూశాడు. “అయితే నువ్వు యాడికీ పోలేవన్నమాట.”

“పోలేను.”

“మంచిది. మా తాడు చుట్టేవోడు జొరమొచ్చి పడుండాడు. లాగిన తాడు చుట్టలు పెట్టు.”

వేళ్ళు చూపించి, “ఇవి ముడుచుకోవయ్యా,” అన్నాను.

“ముడవడమెందుకు? మెలేసేదానికి అది పిలకాయల చెవా? పడెయ్యి ఎట్టనో ఒకట్టా!” అని తాడు కొస నా ముందు వేసి వెళ్ళిపోయాడు.

తడిసిన కొబ్బరితాడు, చల్లగా, జిగటగా, మణికట్టంత లావుంది. నేను నా గిన్నెల మూతల్ని తల్చుకున్నాను. వేళ్ళ సంగతి వదిలేసి, తాడును రెండు ముంజేతుల మీదికి తీసుకుని, భుజాలతో తిప్పి పక్కన పడేశాను. పక్కన ఎక్కువ చోటు లేదు, అందుకని నా చుట్టూనే వెయ్యసాగాను. ఒక చుట్టు, దాని మీద ఇంకో చుట్టు. తాడు వచ్చే వేగానికి ఊపు కుదరక తడబడుతుంటే, అలవాటు కొద్దీ ఎక్కం అందుకున్నాను. “రెండొకట్ల రెండు! రెండ్రెళ్ళు నాలుగు!” తాడు లాగేవాళ్ళు మొదట తలలు తిప్పి చూశారు, ఆ తర్వాత వాళ్ళ పాట మానేసి నా ఎక్కానికే అడుగు కలిపారు. అయిదో ఎక్కానికి ఊపొచ్చింది. తొమ్మిదికి సగంమంది తేలిపోయారు. పన్నెండో ఎక్కంలో ఎనిమిది దగ్గర గుంపంతా మూగబోయింది, ఒక్క గొంతు తప్ప.

“పన్నెండెనిమిదులు తొంభయ్యారు!”

గుడిగంటంత గొంతు. మెడ తిప్పి చూశాను. తాడుకు వేలాడుతూ ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు. మా కండక్టరు! ఆయన వెనక డ్రైవరు.

“ఏమయ్యా, బస్సో?” అని అరిచాను.

“వాటా తీసుకోకుండా బస్సెట్టా కదుల్తదక్కా? ఎక్కం చెప్పండి, తాడు జారతా ఉండాది!”

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పదిహేనో ఎక్కం దాకా చెప్పాను. వల ఒడ్డునపడేసరికి నా చుట్టూ తాడు భుజాల దాకా పేరుకుని, నేను చుట్టకుదురులో కుండలా తల మాత్రం కనిపిస్తూ మిగిలాను.

వలలో చేపలు, కవళ్ళూ కానాగంతలూ, తళతళలాడాయి. తండేలు చెంచయ్య వాటిని కుప్పలుగా పోసి ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. పోలమ్మ వచ్చి తాడు చుట్టలు తీసి నన్ను తవ్వుతోంది. ఇంతలో ఆయన ఒక కుప్పను తాటాకు బుట్టలో వేసి తెచ్చి నా ముందు పెట్టాడు. నాకు సిగ్గేసింది.

“దానం వొద్దయ్యా. ఎవురన్నా ముసలోళ్ళకియ్యి.”

“ముసలోళ్ళకిచ్చేది ఆ మూల కుప్ప, అది వేరే. ఇది పనికిచ్చేది,” అని నా మొహం కూడా చూడకుండా తర్వాతి మనిషిని పిలిచాడు.

ఏడేళ్ళుగా నా చేతుల్ని చూసి జాలిపడనివాళ్ళు లేరు. ఆ చేతులకు ఎవరైనా కూలి ఇవ్వటం అదే మొదలు. నేను అక్కడే ఏడ్చేశాను. పోలమ్మ కళ్ళలో ఇసక పడిందనుకుని కొంగుతో ఊదింది. కండక్టరు, డ్రైవరు, పోలమ్మ, ఇంకొకామె కలిసి నన్ను బయటికి లాగారు. ఎడమ మోకాలు మాత్రం ఇంకాసేపు పడుకుంటానంది. దాన్ని ఈడ్చుకుంటూనే, బుట్ట తాడు మణికట్టుకు తగిలించుకుని బస్సెక్కాను. బస్సు కదిలేసరికి అయిదున్నర దాటింది. దారి పొడవునా బస్సంతా చేపల వాసన, ఎవరూ నాకు మందు చెప్పలేదు. కానాగంతల్లో చింతకాయ వెయ్యాలా, మామిడికాయ వెయ్యాలా అన్న గొడవలో పడిపోయారు.

నెల్లూరులో జట్కా దిగేసరికి చీకటి పడిపోయింది. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ దీపం వెలుగుతోంది. పందెం ఓడిపోయానని నాకు అర్థమైంది. కాళ్ళీడ్చుకుంటూ మా ఇంటి ముందుకొస్తే, మా ఇల్లొక్కటే చీకటిగా ఉంది. అరుగు మీద మా అన్న ఆకారం కనిపించింది.

“దీపం పెట్టలేదేందన్నా?”

“అగ్గిపెట్టి కనపళ్ళా,” అన్నాడు. అగ్గిపెట్టె ఆయన చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది.

దీపం వెలిగించాక ఆయనకు జరిగిందంతా చెప్పాను, నలుగురు పట్టి లాగారన్న సంగతితో సహా. బుట్ట ముందు పెట్టి, “ఇది నా కూలి,” అన్నాను.

“పాపమని ఇచ్చుంటారు.”

“కల్లంలో నువ్వెవురికన్నా పాపమని కూలి కొలిచినావా?”

ఆయన బుట్ట తన వైపు లాక్కుని చేపలు తిరగేశాడు. తర్వాత, “ఇయ్యి ఎవురు తోమేది?” అన్నాడు.

“నువ్వే. నా వేళ్ళు వొంగవు గదా!”

ఆయన తోమాడు, నేను నిలబడి వండుకునే అరుగు పొయ్యి మీద పులుసు పెట్టాను. మా అన్న భోజనానికి ముందు చేసే ప్రార్థన చాలా పొడుగు. సంగంలో ఎద్దులతో సహా అందరినీ దేవుడికి అప్పజెప్పేదాకా అన్నం ముట్టనివ్వడు. ఆ రోజు కళ్ళు మూసుకుని ఒక్క వాక్యమే చెప్పాడు. “ప్రభువా, మా చెల్లెలు కష్టపడి సంపాదించిన కూడు ఇది, స్తోత్రం.” సోమవారం నేను బడికి వెళ్ళాను, ఆయన సంగం వెళ్ళాడు. రాజీనామా మాట మళ్ళీ ఎత్తలేదు.

మైపాడు వెళ్ళొచ్చినందువల్ల నా కీళ్ళు బాగుపడలేదు. మర్నాడు భుజాలు కూడా మోకాళ్ళతో జట్టు కట్టి నన్ను రెండు రోజులు ఏడిపించాయి. అయినా అప్పటినుంచీ పొద్దున లేవగానే ఇవాళ ఏది చెయ్యలేను అని లెక్కపెట్టుకోవటం తగ్గింది. వేళ్ళు రాకపోతే ముంజెయ్యి, ముంజెయ్యి రాకపోతే భుజం, అదీ రాకపోతే నోట ఎక్కాలున్నాయి. నొప్పి నాతోనే ఉంటుంది, దాన్ని వెంటబెట్టుకునే నా పనులు చేసుకుంటాను. మీరు మైపాడు వెళ్ళేటట్టయితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఇసకలో దిగేముందు ఆ రోజు వల ఎక్కడ లాగుతారో తప్పకుండా అడగండి. అడిగి, సరిగ్గా అక్కడే కూర్చోండి.